కంబళికి నీళ్ల పరీక్ష

ఆదివారం బెంగళూరులోని కళల మ్యూజియానికి పోదామని అమ్మతో అనడం నా తప్పే. హోసూరులో బస్సెక్కితే పోయే దూరమే గదా అనుకున్నాను. ఊరించడానికి ఫోన్లో అక్కడి ఫోటోలు కూడా చూపించాను. గోడకు వేలాడదీసిన నల్ల గొర్రె ఉన్ని కంబళి దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. సూళగిరి పక్కన మా తాత గొర్రెలు కాస్తూ అలాంటివే నేసేవాడు.

“రంగు చూసి గోడకు తగిలించేస్తే అయిపోయిందా? నీళ్లు పోసి చూసినారా?” అంది.

మా వాళ్లు కంబళి కొనేముందు దాని నాలుగు కొసలూ పట్టుకుని నడుమ చెంబెడు నీళ్లు పోస్తారు. కింద చుక్క పడిందా, నేసినవాడి పరువు పోయినట్టే.

“ఆడ దేన్నీ తాకకూడదమ్మా,” అన్నాను.

“తాకేది నేను కాదు గదప్పా, నీళ్లు.”

శనివారం చూస్తే ఆమె సంచిలో చీర కింద నీళ్ల సీసా దాక్కుని ఉంది. నాకు ఒళ్లు మండింది. సంచులు, సీసాలు గేటు దగ్గరే పెట్టి పోవాలని, తినకూడదని, పరుగెత్తకూడదని వెబ్‌సైటులోని నియమాలన్నీ గట్టిగా చదివి వినిపించాను. అమ్మ బుద్ధిగా విని, సీసా తీసి పక్కన పెట్టింది.

“సరేలే. గేటు బయటే నీళ్లు నోట్లో పోసుకొని వస్తాను. లోపల మాత్రం నన్ను మాట్లాడించొద్దు.”

నియమాలు మళ్లీ మొదటి నుంచి చదివాను. నోటి గురించి ఎక్కడా రాయలేదు.