కోటలు వదిలేసిన లుద్కా

కెల్త్సె ఊరి బస్సు డిపోలో ఏ బస్సు ముందు కదలాలో, ఏది ఆగాలో మైకులో చెప్పేది లుద్కా. ఇరవై ఆరేళ్లుగా అదే కుర్చీ. యాభై నాలుగో ఏట మోకాలి ఆపరేషనై మూడు నెలలు ఇంట్లో కూర్చోవలసి వస్తే, డ్రైవర్ గెనెక్ ఆమెకు కాలక్షేపానికని ఒక కంప్యూటర్ ఆట తెచ్చిచ్చాడు. అందులో కోటలుంటాయి, సైన్యాలుంటాయి, వాటిని నడిపే హీరోలుంటారు. ఒకరి వంతు అయ్యాక మరొకరి వంతు. డిపోలో సగం మందికి అదే పిచ్చి.

లుద్కా ఎల్ఫ్‌ల పక్షం తీసుకుంది. వాళ్లు అడవి కోటల్లో ఉండే విలుకాళ్ల జాతి.

"ఆ అడవి చూస్తే కళ్లకు చల్లగా ఉంది" అంది.

"చల్లగా ఓడిపోతావు కూడా. ఎల్ఫ్‌లంటే పింగాణీ సామాను లుద్కా! దూరాన్నుంచి బాణాలేస్తారు గానీ, దగ్గరికెళ్లి ఒక్కటిస్తే ముక్కలే" అన్నాడు గెనెక్.

అతనన్నట్టే అయింది. లుద్కా వరసగా పంతొమ్మిది ఆటలు ఓడిపోయింది. అందరిలాగే ఆమె కూడా తన హీరోకి మంటల మంత్రాలు, కత్తి బలం నేర్పించేది. ఇరవయ్యో ఆట మొదలుపెట్టలేదు. వారం రోజులు ఊరికే వేరేవాళ్ల యుద్ధాలు చూస్తూ, ఎవరి తర్వాత ఎవరు కదులుతున్నారో నోటుబుక్కులో రాసుకుంది. బస్సుల వరస చూసే కళ్లకు అది దొరక్కపోదు. ఎల్ఫ్‌ల బలం దెబ్బలో లేదు, వంతులో ఉంది. వాళ్లు ముందు కదులుతారు. ఎదుటివాడి వంతును దండగ చేయగలిగితే చాలు.

ఆ తర్వాత ఆమె హీరో మంటల జోలికి పోలేదు. విలువిద్య, అదృష్టం, యుద్ధానికి ముందే సైన్యాన్ని మోహరించే నేర్పు, ఈ మూడే నేర్చాడు. విలుకాళ్లు మూలన నిలబడేవారు, వాళ్ల ముందు చెట్టు సైనికులు గోడ కట్టేవారు. రెక్కల పరీలను ఒక్కొక్కరిగా విడదీసి శత్రువు మీదికి పంపేది. ఒక్క పరీని కొట్టడానికి పెద్ద దళం తన వంతు వాడుకునేసరికి, వెనకనుంచి విలుకాళ్లు రెండేసి బాణాలు వేసేవారు.

వసంతంలో కార్మిక సంఘం హాల్లో పోటీ పెట్టారు. ఫైనల్లో లుద్కాకు ఎదురుపడింది గెనెకే. అతనిది అస్థిపంజరాల సేన. ఏ యుద్ధం గెలిచినా చచ్చినవాళ్లు లేచి అతని వైపు చేరిపోతారు. ఆట లెక్కలో రెండో వారానికే దండు కట్టి ఆమె మొదటి కోట మీదికొచ్చాడు.

లుద్కా కోటలో ఉన్న సైనికులందర్నీ బయటికి తీసేసింది. రెండో కోటా అంతే, ఖాళీ.

హాలంతా గొల్లుమంది. "పారిపోతోందిరోయ్! లుద్కా, ఆఖరి స్టాపు ఎక్కడ?" అని ఎవరో అరిచారు.

"మంచు పడే రోజు బస్సును రోడ్డుమీద ఇరికించుకోను. డిపోలో నిలబెడతాను" అంది లుద్కా, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

గెనెక్ రెండు కోటలూ పట్టాడు. కానీ వాటిలో చచ్చినవాడు ఒక్కడూ లేడు, లేచినవాడూ లేడు. దండు పెరగడం ఆగిపోయింది. అప్పటికి అతని నవ్వు తగ్గింది.

"నాకు తిండి పెట్టకుండా మాడుస్తున్నావు కదే!" అన్నాడు.

"ఇప్పుడు తెలిసిందా?"

ఆఖరి కోట ముందు ఇద్దరి సైన్యాలూ తలపడ్డాయి. పరీలు ఒక్కొక్కటే పోయాయి, చెట్లు విరిగాయి. లుద్కా ఒక్క దళాన్నీ తొందరపెట్టలేదు, 'ఆగు' అన్న బొత్తాన్నే ఎక్కువసార్లు నొక్కింది. చివరికి అస్థిపంజరాల గుంపు కూలేసరికి ఆమెకు మిగిలింది పదకొండు మంది విలుకాళ్లు.

గెనెక్ లేచి ఆమె చేతిని ముద్దుపెట్టుకున్నాడు. "పదహారేళ్లుగా ఆడుతున్నాను. గెలిచిన కోటలు చూసి ఇంత భయపడింది ఇవాళే" అన్నాడు.

మరుసటి ఏడు అందరూ ఎల్ఫ్‌ల కోసం ఎగబడితే, లుద్కా అస్థిపంజరాలు తీసుకుంది.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు గెనెక్.

"అటు పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలీదుగా."

మొదటి ఆటలోనే ఓడిపోయింది. గసగసాల కేకు ముక్క తెచ్చుకుని, నోటుబుక్కు తెరిచి, తనను ఓడించినవాడి పక్కనే కుర్చీ లాక్కుంది.