ఫోటోకు అందని ఇల్లు

మా ఆటల కంపెనీలో ఆయనను అందరూ మసిగుడ్డ అనేవారు. ముఖం మీదే అనేవారు, ఆయనా పలికేవాడు. ఆట ఆడేవాళ్లు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయబోతే నల్లటి తెర తప్ప ఇంకేమీ రాకుండా చేయడం ఆయన పని. ఆటలోని రహస్యాలు బొమ్మలతో సహా బయటికి పొక్కితే కొనేవాళ్లు తగ్గిపోతారని పైవాళ్లకు దడ. ఆ దడే మాకు కూడు పెట్టింది లెండి.

పక్క బల్ల నాది. ఆయన వేసిన తాళాలను విరగ్గొట్టి చూడడం నా ఉద్యోగం. ఎన్ని తిప్పలు పడ్డా విరిగేవి కావు. ఆఖరికి ఫోన్‌తో తెరను ఫోటో తీసినా, కంటికి కనిపించని గీతలు ఫోటోలో అడ్డంగా పడి బొమ్మంతా చెడిపోయేలా చేశాడు. ఆ రోజు ఆయన ముఖం వెలిగిపోయింది, నాకు ఒళ్లు మండింది.

ఆ ఆటలో ప్రతివాళ్లకూ ఒక ఇల్లుంటుంది. ఆడడం ఆపేసినా వాళ్ల బొమ్మ ఆ ఇంట్లో నిద్రపోతూ ఉంటుంది. గోడల మీద ఏమైనా గీసుకోవచ్చు.

"కనీసం ఎవరిల్లు వాళ్లని ఫోటో తీసుకోనివ్వండి గురువుగారూ. వాళ్లింట్లో మనకేం పని?" అన్నాను.

"దాచిన దారులన్నీ గోడ మీద గీసుకుని, అవే ఫోటో తీసి పంచుతున్నారమ్మా. ఇల్లు వదిలేస్తే ఇంకేం మిగిలింది?" అని ఇళ్లకూ తాళం వేశాడు. తనకంటూ దొడ్డిదారి కూడా ఉంచుకోలేదు. దొడ్డిదారి ఉంటే అది తాళమే కాదన్నాడు. మొండిఘటం.

ఆయన చెల్లెలు మంచాన పడి ఉండేది. జబ్బుతో జుట్టంతా ఊడిపోయాక ఎవరినీ ఫోటో తీయనిచ్చేది కాదు. కానీ అన్న చేసిన ఆటంటే ప్రాణం. అందులో తన బొమ్మకు నడుం దాకా జడ పెట్టుకుంది. గోడ మీద, బట్టలు మడతపెడుతున్న వాళ్లమ్మను గీసింది. తల్లి పక్కన కూర్చుని ఆ జడను చూసి మురిసిపోయేది. ఒక ఉదయం ఆ పిల్ల కన్నుమూసింది. తెర మీద ఆమె బొమ్మ మాత్రం కిటికీ పక్కన చాప మీద నిద్రపోతూనే ఉంది. తల్లి రోజూ కంప్యూటర్ పెట్టించుకుని చూసేది. అంత దిగులులోనూ ఆవిడకు అదొక్కటే ఊరట.

కొన్నాళ్లకు కంపెనీ ఆ ఆటను మూసేస్తున్నామని చెప్పింది. సర్వర్లు ఆగితే ఇళ్లన్నీ పోతాయి.

"దాన్ని ఒక్క ఫోటో తీసివ్వరా, చాలు" అంది తల్లి.

తాళం తీసేసి ఆటను ఆడేవాళ్లకు మళ్లీ పంపాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలి. ఆయన వెళ్లి మేనేజరును అడిగాడు.

"మూసేసే కొట్టుకి రంగులెందుకండీ?" అన్నాడు మేనేజరు, తలెత్తకుండానే. నాకు తిట్లు నోటిదాకా వచ్చాయి. ఆయన మాత్రం "నిజమేలెండి" అని బయటికొచ్చాడు.

తర్వాత నా బల్ల దగ్గర నిలబడి గొంతు తగ్గించి అడిగాడు. "నా తాళం ఎప్పుడైనా విరిగిందా? విరిగినా నాకు చెప్పకుండా దాచావా? నిజం చెప్పమ్మా."

"లేదండీ" అన్నాను. దాచి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ఆ మంచం ఇంకా అక్కడే ఉంది, దుప్పటి మాత్రం తీసేశారు. బల్ల మీద తెర, తెరలో ఆ పిల్ల. తెలిసి తెలిసీ నా ఫోన్ తీసి పక్క నుంచి, పై నుంచి, దూరం నుంచి ఫోటోలు తీశాను. తల్లి కళ్లజోడు పెట్టుకుని చూసింది. ముఖం మీదుగా, జడ మీదుగా నల్లటి చారలు.

"ఇవేంటమ్మాయ్, నీ ఫోన్ పాడైందా?"

నేను నోరు తెరిచేలోపే ఆయనన్నాడు. "ఫోన్ బాగానే ఉందమ్మా. ఆ గీతలు నావే. ఎవరూ ఫోటో తీయకుండా నేనే పెట్టాను."

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని తెరనే చూస్తూ కూర్చుంది. కళ్లు తుడుచుకోవడానికి కూడా తల తిప్పలేదు. కాసేపటికి ఆట ఆగిపోయింది. కిటికీ, చాప, జడ, గోడ మీద తల్లి, ఏవీ లేవు.

ఆవిడ లేచి కొడుకు తల నిమిరింది.

"పోనీలేరా. పని బాగా చేశావు" అంది.

కొడుకును ఓదార్చడానికే అంది, దెప్పడానికి కాదు. ఆయన ఆ ఉత్త మంచం మీద కూలబడి, నేనున్నానని కూడా చూసుకోకుండా బావురుమన్నాడు.