మదార్ మాస్టారి చద్ది పండుగ

ఎర్రగట్టుగుంపు అనే కోయగూడెంలో ముస్లిం జనాభా మొత్తం ఒకటి. పందొమ్మిదివందల డెబ్బై నాలుగు నుంచి ఎనభై ఒకటి దాకా రెండు ఉండేది. భార్య ఖైరున్నీసా పోయాక ఒకటికి దిగింది. ఆ మిగిలిన ఒకటి పేరు షేక్ మదార్ సాహెబ్. ఆ కోయగుంపు బడికి ప్రధానోపాధ్యాయుడు ఆయనే, సహాయోపాధ్యాయుడు ఆయనే, గంట కొట్టేదీ ఆయనే. సిబ్బంది సమావేశాలు ఎప్పుడూ ఏకగ్రీవంగా ముగిసేవి.

సొంత ఊరు వేంసూరు. తండ్రి దర్జీ. కొడుక్కి గుడ్డకంటే లెక్క బాగా కొలతకొస్తుందని గమనించి ఆయన చదివించాడు. చదివినందుకు ప్రభుత్వం బూర్గంపాడుకు పద్నాలుగు కిలోమీటర్ల లోపల, అడవిలో వేసింది. తాత్కాలికమే అన్నారు. పవిత్రగ్రంథాలకు వ్యాఖ్యానాలు రాసిన మహానుభావులు చాలామంది ఉన్నారు కానీ, సర్కారు భాషలో ‘తాత్కాలికం’ అన్న మాటకు వ్యాఖ్యానం చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

మసీదు బూర్గంపాడులో. శుక్రవారం సైకిలు కుదిరితే వెళ్లేవాడు. తక్కిన ఆరు రోజులూ సాయంత్రం బడి వదిలాక మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. గుంపువాళ్లు మంచివాళ్లే; కానీ వాళ్లలో వాళ్లు కోయభాషలో మాట్లాడుకుంటూ, పంతులు కనబడగానే మర్యాదగా తెలుగులోకి మారేవాళ్లు. ఆ మర్యాదలో కబుర్లు సగం ఆవిరయ్యేవి. అందుకని మదార్ మాస్టారు ఇనుప ట్రంకుపెట్టె తెరిచేవాడు. అందులో రెండు సంపుటాల ఉర్దూ తఫ్సీర్, అంటే ఖురాన్ వ్యాఖ్యానం, ఉండేది. హైదరాబాద్ నుంచి నెల ఆలస్యంగా వచ్చే ఒక మాసపత్రిక ఉండేది.

ఆ పత్రికలో కొత్తకాలపు విద్వాంసులు రాసేవారు. ఒక వాక్యాన్ని చదివేటప్పుడు అది ఎప్పుడు వచ్చింది, ఎవరితో అన్నది, ఏ కారణాన అన్నది చూడమనేవారు. మాస్టారికి ప్రాణం లేచివచ్చింది. ఇది త్రైరాశికం కదా! మూడు తెలిస్తే నాలుగోది, అంటే ఇవాళ మనమేం చేయాలన్నది, దానంతట అదే తేలాలి. తేలకపోతే లెక్కలో ఎక్కడో తప్పు పోయిందన్నమాట.

త్రైరాశికాన్ని ఆయన మొట్టమొదట నెలవంక మీద ప్రయోగించాడు.

రంజాను నెల ముగిసిందా లేదా అన్నది నెలవంకను కంటితో చూసి తేల్చాలి. ఇరవై తొమ్మిదో ఉపవాసం సాయంత్రం కనబడితే మర్నాడు ఈద్. లేకుంటే ముప్పై పూర్తి చేయాలి. కంటితోనే ఎందుకు? ‘మనం చదువురాని జనం, రాయము, లెక్కించము’ అని ప్రవక్త చెప్పిన మాట ఉంది. కొందరు కొత్త పండితులు దాన్నే పట్టుకుని, లెక్క రాకపోవడమే కారణమైతే లెక్క వచ్చిన రోజున చంద్రుణ్ణి లెక్కతోనే పట్టవచ్చన్నారు. లెక్కలు వచ్చిన మనిషి ఎర్రగట్టుగుంపులో ఒకరున్నారు. ఆయనకు ఈ విషయంలో అనుమానం లేదు.

డెబ్బై తొమ్మిది ఆగస్టులో పంచాంగం ముందేసుకుని, అమావాస్య గడియలు కట్టి, ఇరవై తొమ్మిదో సాయంత్రం మబ్బుల వెనక చంద్రుడు ఉండితీరతాడని ఆయన తేల్చాడు. బూర్గంపాడులో ఎవరికీ కనబడలేదు. రేడియో కూడా లేదంది. ఊరంతా ముప్పయ్యో ఉపవాసం. మాస్టారికి మాత్రం పండుగ.

ఒకే ఇంట్లో భర్తకు ఈద్, భార్యకు రోజా, అంటే ఉపవాసం. ఖైరున్నీసా మంచినీళ్లు కూడా ముట్టకుండా ఆయనకు షీర్‌ఖుర్మా కాచింది. పాలు, సేమ్యా, ఖర్జూరం వేసి కాచిన ఆ పాయసం గిన్నెను ముందర పెట్టి అన్నది:

“తినుండ్రి. మీ కితాబుల చాంద్ మీ ఒక్కరికే కనబడ్డది. సేమ్యా గూడ మీ ఒక్కరికే.”

మర్నాడు ఊరి ఈద్. మాస్టారు కొత్త చొక్కా వేసుకోకుండా కూర్చున్నాడు. ఆయన పండుగ నిన్ననే అయిపోయింది. ఒక రంజానుకు రెండు ఈద్‌లు ఏ వ్యాఖ్యానంలోనూ లేవు.

“బాసీ ఈద్ అనుకొని పోదాం రాండ్రి,” అన్నది ఖైరున్నీసా. పండుగ మర్నాటిని సాయిబుల ఇళ్లలో అట్లా అంటారు. చద్ది పండుగ అన్నమాట. మిగిలిన సేమ్యా, మిగిలిన పలకరింపులు ఆ రోజున చెల్లుతాయి.

“అది ఏ కితాబులో ఉంది?” అని అడిగాడాయన.

ఆమె చెప్పులేసుకుని, బంధువుల బండెక్కి ఒక్కతే పోయింది.

వెళ్లకపోవడం వల్ల ఆయన పోగొట్టుకున్నదేమిటో చెప్పాలి. ఈద్ నమాజు కాగానే పక్కనున్నవాణ్ణి మూడుసార్లు కావలించుకుంటారు. గలే మిల్నా అంటారు. బక్రీదు నాడు ఎవరి హడావిడి వారిది గనక, మదార్ మాస్టారిని ఒక మనిషి దగ్గరికి తీసుకునేది సంవత్సరానికి ఆ ఒక్కరోజు. బూర్గంపాడు మసీదు వరుసలో నలభైమంది, తలా మూడు. ఆయన లెక్కల మాస్టారు గనక మొత్తం చేయకుండా ఉండలేకపోయాడు. ఖైరున్నీసా పోయాక ఆ లెక్కకు విలువ మరీ పెరిగింది. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ ఆయన వీపును తాకినవి సైకిలు మీద ఎదురొచ్చే కొమ్మలే.

అందుకని ఎనభై మూడులో సిద్ధాంతానికి సెలవిచ్చాడు. ఊరు ఎప్పుడంటే అప్పుడే పండుగ. పంచాంగం ట్రంకుపెట్టెలో అడుగుకు పోయింది.

అది జూలై. వానలు పట్టాయి. ఇరవై తొమ్మిదో సాయంత్రం మాస్టారు బడి అరుగు మీద ఖర్జూరపు పండుతో ఉపవాసం విడిచి నీళ్లు తాగుతున్నాడు. వెనక ఎర్రగట్టు పైనుంచి కేక వినబడింది. చిన్నక్క. కట్టెలమోపు దించుకుంటూ పడమరకు చెయ్యి చూపుతోంది.

“పంతులూ! నీ నెలవంక వచ్చింది సూడు! ఉర్కు!”

చిన్నక్కకు యాభై దాటాయి. ఆమె కళ్ల సంగతి గుంపంతా ఎరుగును. తేనెటీగ పోయిన దారి చూసి పట్టు ఏ చెట్టు మీదుందో చెప్పగల మనిషి. మాస్టారు గట్టెక్కేసరికి మబ్బు మూసుకుంది.

“పోయింది. గిప్పుడే ఉండె. తునికాకు ఈనె అంత సన్నగ ఉండె.”

“నిజంగా చూసినవా?”

చిన్నక్క ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. “లేదు పంతులూ, పొద్దుమూకంగ కొండెక్కి నీతోని పరాచికాలాడుతున్న.”

మదార్ మాస్టారి గుండెలో త్రైరాశికం మళ్లీ లేచి కూర్చుంది. కానీ ఈసారి అందులో స్వార్థం కూడా ఉంది: ఊరు ఈమె మాట నమ్మితే రేపే ఈద్, ఊరితోపాటు ఈద్, నలభై మూళ్లు. సిద్ధాంతం, ఆలింగనం ఒకే రోజున దొరికే అవకాశం.

“చిన్నక్కా, బూర్గంపాడు వచ్చి ఈ మాట చెప్తవా? వాళ్లు సాక్షిని అడుగుతరు.”

“నా కండ్ల మీద పంచాయితీనా? పోదాం పా.”

ఆమె భర్త బొజ్జయ్య గుడిసె ముందు చుట్ట ముట్టిస్తూ సైకిలు వెనక భార్య కూర్చోవడం చూశాడు. “పంతులూ, నా ముసల్దాన్ని ఎత్కపోతున్నవా?”

“మసీదుకు.”

“మల్ల తెస్తవా?”

“తెస్త.”

“జల్దీ ఏం లేదు,” అన్నాడు బొజ్జయ్య.

సగం దారి సైకిలు వాళ్లను మోసింది, బురదలో సగం దారి వాళ్లు సైకిలును మోశారు. మసీదు కమిటీ పెద్ద గౌస్‌మియా అప్పటికే రేడియోను చెవికి ఆనించుకుని మెట్ల మీద కూర్చున్నాడు. గాజుల దుకాణం ఆయనది. కితాబులు చదవలేదు గానీ చదివినవాళ్లందరి ఇళ్లలో ఆడవాళ్ల చేతికొలతలూ తెలుసు. పక్కన హాఫిజ్ సాబ్, మసీదు ఇమాము. పాతికేళ్లవాడు, నెమ్మదిపరుడు.

“నాలుగేండ్ల కింద పంచాంగం తెచ్చిండ్రు,” అన్నాడు గౌస్‌మియా, “ఇప్పుడు కోయామెను తెచ్చిండ్రు. వచ్చే ఏడు ఏం తెస్తరు, మాస్టర్ సాబ్? పులినా?”

హాఫిజ్ సాబ్ మాత్రం పద్ధతి ప్రకారం అడిగాడు. “అమ్మా, కొమ్ములు ఎటున్నయ్?”

“పైకి. ఆవుకొమ్ముల లెక్క.”

“ఎంతసేపు?”

“మోపు దించి చెమట తుడుసుకునేంతసేపు.”

హాఫిజ్ సాబ్ తల ఊపాడు. “చూసినట్టే ఉన్నది. కానీ మాస్టర్ సాబ్, రోజా సంగతికి సాక్షి ముసల్మాన్ గావాలె. అది మీకు తెలుసు.”

మాస్టారు ఈ ఘడియ కోసమే తొమ్మిదేళ్లుగా చదువుతున్నట్టు గొంతు సవరించుకున్నాడు. “ఖురాన్ రెండో సూరాలో ఏమున్నది? కొత్త చంద్రుల గురించి అడుగుతరు. అవి మనుషులకు కాలం తెలిపే గుర్తులని చెప్పు. మనుషులకు, అన్నది. ఈమె మనిషి. సాక్షి మనవాడు గావాలని ఆనాడు ఎందుకన్నరు? పరాయివాడు మోసం చేస్తడేమోనని. ఈమెకు మనల్ని మోసం చేస్తే ఏమొస్తది? కారణం పోయింది. మిగిలిందేంది? చూపు.”

తన వాదన బాగానే ఉందనిపించింది ఆయనకు.

“మీ దేవుడు దాన్ని ఆకాశంల పెట్టిండు,” అన్నది చిన్నక్క మెట్టు కింది నుంచి, “నాకు కండ్లు పెట్టిండు. మధ్యల ఈ డబ్బా ఎందుకు?”

డబ్బా అప్పుడే గరగరలాడి, ఎక్కడా నెలవంక కనబడలేదని చెప్పింది.

హాఫిజ్ సాబ్ మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. “మీ మాట తప్పని నేననను. నాకంత చదువు లేదు. కానీ ఒక్కొక్కరికి ఒక్కొక్క చాంద్ అయితే ఊరికి పండుగ ఉండది. ఈద్ అంటే అందరు చేసుకున్న రోజే. రేపు మాతోని రోజా ఉండుండ్రి. ఎల్లుండి రాండ్రి.”

ఎల్లుండి రాండ్రి. ఇంతకంటే మంచి ఆహ్వానం ఆయనకు ఈమధ్య రాలేదు. సరేనన్నాడు. తిరుగుదారిలో చిన్నక్క సైకిలు వెనక ఆకాశం వైపే చూస్తూ కూర్చుంది.

తెల్లవారుజామున సహరీ తిని ఉపవాసం పట్టాడు. పొద్దెక్కాక బడి తలుపు తీస్తుంటే చిన్నక్క, వెనక బొజ్జయ్య, ఇంకో నలుగురు వచ్చారు. మోదుగాకు దొన్నెలో తేనె. అంతా కూడబలుక్కుని వచ్చినట్టున్నారు. పంతులు పండుగ కదా.

“తీస్కో. రాత్రి నెల పుట్టింది గద, ఇయ్యాల నీ పండుగ.”

“నాకు ఉపవాసం చిన్నక్కా. వాళ్లు రేపన్నరు.”

“వాళ్లు సూడలే. నేను సూసిన.” దొన్నె పట్టుకున్న చెయ్యి దిగలేదు. “వాళ్ల ముందట నన్ను నిలబెట్టినవు. ఆడ వాళ్లు నమ్మలే, పోనీ. నువ్వు నమ్మినవనుకున్న.”

మదార్ మాస్టారు దొన్నె వైపు చూశాడు. ఇటు తినకపోతే ఈమె కళ్లు అబద్ధం. అటు తింటే రేపు తనది కాని పండుగకు తాను ఎవరు? వరుసలో నిలబడి నలభైమందికి చేతులు చాచే హక్కు ఎక్కడిది? రెండు సంపుటాలూ పెట్టెలో ఉన్నాయి. వాటిలో దీనికి జవాబు లేదని ఆయనకు తెలుసు, ఎందుకంటే పొద్దున్నే వెతికాడు. కారణాలు తీసేయగా మిగిలేది చూపు అని రాత్రి తానే అన్నాడు. అందరిముందూ అన్నాడు.

దొన్నె అందుకుని తాగాడు. తేనె కొంచెం వగరుగా ఉంది.

“గట్ల!” అన్నది చిన్నక్క. బొజ్జయ్య రెండు చేతులెత్తి దండం పెట్టాడు. తక్కినవాళ్లూ పెట్టారు. గజం దూరంనుంచి, చాలా గౌరవంగా. తరువాత అందరూ దుక్కులకు పోయారు. పిల్లలు రాకముందే మాస్టారు బడి గదిలో ఒక్కడే నిలబడి ఈద్ నమాజు లాంటిదొకటి చదివాడు. అయ్యాక అలవాటు కొద్దీ కుడిపక్కకు తిరిగాడు. అక్కడ నల్లబల్ల ఉంది.

మర్నాడు వెళ్లకూడదనుకుంటూనే సైకిలు తీశాడు. బూర్గంపాడు చేరేసరికి ఊరి ఈద్ నమాజు అయిపోవచ్చింది. లోపలికి వెళ్లకుండా చెప్పుల గుట్ట పక్కన నిలబడ్డాడు. జనం బయటికొచ్చి ఒకళ్లనొకళ్లు కావలించుకుంటున్నారు. అత్తరు వాసన. ఆయన చెప్పులకు కాపలా ఉన్నవాడిలా గంభీరంగా నిలబడ్డాడు. ఒకరిద్దరు చేతులు చాస్తే తల అడ్డంగా ఊపాడు.

గౌస్‌మియా చూశాడు. “ఏంది మాస్టర్ సాబ్, గీడ నిలబడ్డరు?”

“నా ఈద్ నిన్న అయింది.”

“తిన్నరా?”

“తిన్న. ఆమె చూసింది నిజం.”

గౌస్‌మియా గడ్డం గోక్కున్నాడు. ఆయన ముఖం చూస్తే రాబోయేది ఎగతాళే అనిపించింది. “నిన్న ఎవరన్న గలే మిలిండ్రా?”

మాస్టారు చెప్పుల వైపు చూశాడు.

“అయితే ఏముంది? మాకు ఈద్, మీకు బాసీ ఈద్. బాసీ ఈద్ నాడు గలే మిల్వద్దని ఏ కితాబుల ఉన్నది? మా గల్లీల చిన్న పిల్లకు గూడ తెలుసు. ఇంత చదివి గిది తెల్వదా మీకు?” అంటూనే గాజుల దుకాణం చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. వెనక హాఫిజ్ సాబ్ వరుసలో ఉన్నాడు.

మదార్ మాస్టారు లెక్క తప్పాడు. మొత్తం ఎన్నయ్యాయో తరువాత ఎప్పుడూ చెప్పలేకపోయాడు.

తిరిగి వెళ్తూ ఖబరస్తాన్ దగ్గర ఆగాడు. వానకు ఖైరున్నీసా సమాధి మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఫాతిహా చదివి ఆమె కోసం ప్రార్థించాడు. నాలుగేళ్ల కిందటే జవాబు చెప్పింది ఆమె. ఆయన రుజువు అడిగాడు. రుజువు ఇప్పుడు దొరికింది, గౌస్‌మియా నోట. కానీ విని ‘నేను చెప్పలేదా’ అనే మనిషి లేదు.

“దొరికింది,” అన్నాడు గడ్డితో.

ఇంటికొచ్చి దీపం వెలిగించి, తఫ్సీర్ రెండో సూరా దగ్గర తెరిచి, మనుషులకు గుర్తులు అన్నచోట అంచున పెన్సిలుతో రెండు పంక్తులు రాశాడు. మొదటిది: చంద్రుడికి సాక్షి, చిన్నక్క, ఎర్రగట్టు. రెండోది: చద్ది పండుగకు సాక్షి, ఖైరున్నీసా, డెబ్బై తొమ్మిది.

రాసింది ఒకసారి పైకి చదివాడు. గుంపులో ఎవరింట్లోనో కోయభాషలో నవ్వుకుంటున్నారు. పుస్తకం మూసి, మర్నాటి బడికి ఎక్కాలు ఏ ఎక్కం దగ్గర ఆపాడో గుర్తు చేసుకుంటూ కూర్చున్నాడు.