అతను కొట్టని దెబ్బలు

ఆ ఏడు మా అమ్మాయికి జపాన్ బొమ్మల సీరియళ్ళ పిచ్చి పట్టింది. దానికప్పుడు పదిహేనేళ్ళు. బెంగళూరు పక్కన చందాపురలో మాది ఒంటి గది, వెనక చిన్న వంటింటి సందు. నేను గార్మెంట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, బియ్యం కడిగి స్టవ్ మీద పడేసి కూర్చోగానే ఫోను తెచ్చి నా ముందు పెట్టేది. తెర కింద ఇంగ్లీషులో పడే మాటలను అది తెలుగులో చెబుతుంటే నేను బొమ్మలు చూసేదాన్ని.

అందులో ఒక కథ ముప్పై దాటిన వాడిది. ఉద్యోగం పోయింది, పెళ్ళి లేదు, ఆఫీసులో తిన్న తిట్లు మాత్రం ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఒకరోజు పొద్దున లేచేసరికి బడి పిల్లాడై పాత బెంచీ మీద కూర్చుని ఉంటాడు. సరే, అంత అదృష్టం పట్టింది కదా, ఏం చేస్తాడు? కిటికీ పక్కన చేరి రాలే పూలు చూస్తాడు. ఒక పిల్లతో మాట్లాడాలా వద్దా అని ఎపిసోడ్ అంతా నలుగుతాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వీని మొహం మండ. పోయిన వయసు తిరిగొస్తే ఎవడన్నా ఇట్లా కూర్చుంటాడా?" అన్నాను.

"నువ్వయితే ఏం చేస్తావమ్మా?"

"కబడ్డీ ఆడతా."

ఆలోచించి చెప్పిన మాట కాదు. నోట్లోంచి వచ్చేసింది. అమ్మాయి ఫోను ఆపేసి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. నేను కబడ్డీ ఆడేదాన్నని దానికి ఎవరూ చెప్పలేదు. నేనే మర్చిపోయిన సంగతి ఇంకెవరు చెబుతారు?

హిందూపురం పక్కన మా ఊరి హైస్కూల్లో నేను ఎడమ మూల కాసేదాన్ని. మూల కాసేవాళ్ళకు పని ఒకటే. ఎదుటి జట్టు నుంచి కూతకొచ్చిన మనిషి నడిమి గీత దాటి, లోపలికొచ్చి కాలు చాచగానే, వంగి చీలమండ పట్టుకోవాలి. పట్టుకున్నాక రెఫరీ విజిల్ ఊదేదాకా వదలకూడదు. తక్కినవాళ్ళు వచ్చి మీద పడతారు. వచ్చేవాళ్ళ మొహం చూడొద్దు, కాలే చూడు అని మా డ్రిల్లు సారు వెదురు బెత్తంతో వీపు మీద రాసి చెప్పాడు. జిల్లా జట్టుకు ఎంపిక జరిగే వారమే ఇంట్లో పెళ్ళిచూపులు పెట్టారు. మోకాళ్ళు చెక్కుకుపోయి కనిపిస్తే బాగుండదని మా అమ్మ నన్ను ఎంపికకు పోనివ్వలేదు. వచ్చినవాళ్ళు నా మోకాళ్ళు చూడనే లేదు. పదో తరగతి పరీక్ష రాయకముందే పెళ్ళయిపోయింది. అప్పుడు నాకూ పదిహేనే.

మా ఆయన మేస్త్రీ. అతను కట్టిన గోడ దారం పట్టి గీసినట్టు ఉంటుంది. చుక్క తాగడు. తాగుడు మాన్పిస్తే మొగుడు బాగుపడతాడని చెప్పుకునే ఆడవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. మా ఇంట్లో మాన్పించడానికి ఆ తాగుడన్నా లేదు. కూర చల్లారిందని కొట్టేవాడు, ఫోను ఎత్తలేదని కొట్టేవాడు, ఎత్తితే ఇంతసేపు ఎవరితో మాట్లాడావని కొట్టేవాడు. అందుబాటులో చెయ్యి ఉంటే చెయ్యి, గోడకు మట్టం చూసే గజం బద్ద ఉంటే బద్ద. నేను రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకునేదాన్ని. మొహం మీద పడితే మర్నాడు ఫ్యాక్టరీలో అందరికీ కనబడుతుంది. వీపు మీదయితే జాకెట్టు కింద పోతుంది.

నవంబరులో కన్నడ రాజ్యోత్సవ పండక్కి అత్తిబెలె చుట్టుపక్కల ఫ్యాక్టరీల ఆడవాళ్ళకు కబడ్డీ పోటీ అన్నారు. మా లైన్లో కాలర్లు కుట్టే పిల్ల జట్టు కడుతోంది. కోలారు వైపు పిల్ల, ఇరవై దాటి ఉంటుందేమో. ఒకరు తక్కువయ్యారని నా మిషను దగ్గరికొచ్చింది.

"అక్కా, నువ్వు ఊరికే నిలబడుకుంటే చాలు. లెక్కకొక మనిషి కావల్ల," అంది.

షిఫ్టు అయ్యాక ఫ్యాక్టరీ వెనక ఖాళీ సైటులో సాధన. చెప్పులు విడిచి, నేలను తాకి కళ్ళకద్దుకుని ఎడమ మూలలో నిలబడ్డాను. ఆ పిల్లే కూతకొచ్చింది. లెక్కకున్న మనిషినే కదా, నన్ను అసలు పట్టించుకోకుండా పక్కదాని వైపు కాలు చాచింది. నేను వంగింది నాకే తెలియలేదు. చీలమండ చేతికి దొరికింది. పిల్ల బోర్లా పడింది. గడ్డం నేలకు కొట్టుకుని పెదవి చిట్లింది. లేచి, రక్తం ఉమ్మి, ఎర్రబడ్డ పళ్ళతో నవ్వింది.

"యాడుంటివక్కా ఇన్ని దినాలు?"

నాకు ఏడుపొచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చందాపుర దాకా ఏడ్చుకుంటూ వచ్చాను.

ఆ తర్వాత రోజూ దెబ్బలే. ఎవరిదో మోకాలు నా పక్కటెముకల్లో దిగింది. చిటికెన వేలు పక్కకు తిరిగిపోతే ఆ పిల్లే పట్టుకుని గుంజి సరిచేసింది. ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామె ముక్కు నా తలకాయ తగిలి పగిలింది. ఆమె నన్ను నోటికొచ్చినట్టు తిట్టి, మర్నాడు ముక్కులో దూది పెట్టుకుని మళ్ళీ ఆడింది. అంత హాయి నేనెప్పుడూ ఎరగను. అక్కడ నన్ను కొట్టినవాళ్ళను నేనూ కొట్టొచ్చు. కొట్టాక చెయ్యిచ్చి లేపొచ్చు. ఒక్కటే చిక్కొచ్చింది. ఇన్నాళ్ళూ మొగుడు కొట్టిన దెబ్బలు ఊరికి కనపడకుండా దాచానా, ఇప్పుడు ఊరివాళ్ళు కొట్టిన దెబ్బలు మొగుడికి కనపడకుండా దాచుకోవలసి వచ్చింది.

ఎన్నాళ్ళు దాగుతాయి? ఒక ఆదివారం పొద్దున తల ఆరబెట్టుకుంటుంటే జబ్బ మీద వేళ్ళ గుర్తులు చూశాడు. దగ్గరికొచ్చి బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఇది నేను కొట్టింది కాదే," అన్నాడు.

నన్ను వెనక్కి తిప్పి జాకెట్టు పైకి లాగాడు. అమ్మాయి అక్కడే గోడకానుకుని కూర్చుని ఉంది. "ఇది నాది. ఇది నాది. ఇదెవుడిది?" అంటూ ఒక్కొక్కటీ తడిమాడు. తను కట్టిన గోడలో వేరేవాడి ఇటుక కనిపిస్తే ఎలా పోల్చుకుంటాడో అలాగే పోల్చాడు. నాకు సిగ్గు వేయలేదు, అసహ్యం వేసింది. దాచేందుకేముందని కబడ్డీ సంగతి చెప్పేశాను. ముందు నవ్వాడు. తర్వాత బద్ద తీసుకున్నాడు. ఆరోజు వీపు జోలికి రాలేదు. తొడల మీద, పిక్కల మీద, చూసి చూసి కొట్టాడు.

"ప్యాంటేసుకోని ఊరందరి ముందర మట్టిలో పొర్లాడతావా? మళ్ళా పోతివంటే కాలు ఇరగ్గొడతా, సూడు."

చెప్పింది చేసే మనిషే. ఆడితే కాలు విరుగుతుంది. ఆడకపోతే ఈ జన్మకింక ఆట లేదు. కుంటుకుంటూ సాధనకు పోయాను.

పోటీ రోజు ఓవర్‌టైమని చెప్పి, అమ్మాయిని వెంటబెట్టుకుని అత్తిబెలె బస్సెక్కాను. ఒక బడి మైదానంలో సున్నంతో గీతలు గీశారు. పట్టపగలు, ఎండ మాడుస్తోంది. అవతలి జట్టు కూతగత్తె మంచి దిట్టమైన మనిషి. మొదట్లోనే మా వాళ్ళిద్దరిని లాక్కుని పోయింది. తర్వాత నేను ఆమె కాలు పట్టాను. ఆమె రెండో కాలితో నా చెవి మీద తన్నింది. చెవిలో గుయ్యిమంటున్నా వదల్లేదు. విజిల్ పడ్డాక చుట్టూ ఉన్నవాళ్ళు అరుస్తుంటే అమ్మాయి గొంతు వేరేగా వినిపించింది. "మా అమ్మ" అని పక్కవాళ్ళకు చెబుతోంది.

ఆమె మళ్ళీ కూతకొచ్చింది. నేను వంగి ఆమె పాదాలే చూస్తున్నాను. అంతలో పక్క గీత దాటి ఇంకో రెండు కాళ్ళు లోపలికొచ్చాయి. చెప్పులతో ఉన్నాయి. సిమెంటు పట్టిన ఆ చెప్పులు నాకు తెలుసు. అతనికి ఎవరు చెప్పారో ఈరోజుకీ తెలియదు.

"లంజ ముండా," అని వినబడింది. చెయ్యెత్తే ఉంటాడు, నేను చూడలేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ గొంతు వినగానే మొహం మీదికి పోయే నా చేతులు ఆరోజు కిందికి పోయాయి. రెండు చేతులతో చీలమండ పట్టి, భుజంతో మోకాలి మీద నెట్టాను. మా జట్టు పిల్లలకు అంతే చాలు. లోపలికొచ్చిన కాలు మూల మనిషి చేతికి చిక్కితే మీద పడాలని నేర్చుకున్నారు, వచ్చిందెవరని చూడటం ఎవరూ నేర్పలేదు. అందరూ ఒక్కసారిగా అతని మీద పడ్డారు. కిందెక్కడో ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. అతను కేక పెట్టాడు. నేను వదల్లేదు. రెఫరీ కూడా అలవాటు కొద్దీ విజిల్ ఊదాడు. అప్పుడు వదిలాను.

ముంజేయి విరిగి వేలాడుతోంది. నోట్లో మట్టి, చొక్కా మీద చొంగ. అతని నోట మాట రాకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు సంతోషమేసింది. అబద్ధమెందుకు చెప్పాలి, కడుపు నిండినంత సంతోషమేసింది.

ఎవరో ఆటో పిలిచారు. ఇద్దరు మగవాళ్ళు అతన్ని లేపి లోపల కూర్చోబెట్టారు. మా లైన్ సూపర్‌వైజరు నా దగ్గరికొచ్చాడు.

"ఏమమ్మా, సూస్తా నిలబడుకోని ఉండావు? నీ మొగుడు గదా. బిన్నా ఎక్కు."

అందరూ నా వైపే చూస్తున్నారు. ఎక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆసుపత్రి వరసలో నేను నిలబడతాను. ఇంటికొచ్చాక అన్నం కలిపి నోట్లో పెడతాను. చెయ్యి అతుక్కునేదాకా కొట్టలేడు, అతుక్కున్నాక దీనికీ చేర్చి కొడతాడు. కోలారు పిల్ల నా మూల వైపు చెయ్యి చూపించింది. నేను కదల్లేదు.

అప్పుడు మా అమ్మాయి జనంలోంచి వచ్చి ఆటో ఎక్కింది. మెడలో చున్నీ తీసి, మడిచి, అతని విరిగిన చేతి కింద పెట్టి ఒళ్ళోకి తీసుకుంది.

"నువ్వు ఆడుకోమ్మా. నేను పోతాలే," అంది.

ఆ గొంతులో కోపం లేదు, భయం లేదు. ఏళ్ళ తరబడి కాపురం చేసి ఆరిపోయిన ఆడమనిషి గొంతు అది. నేను తిరిగి తెచ్చుకున్న వయసు దాని దగ్గర్నుంచి లాక్కున్నదేనా అనిపించింది. పరుగెత్తి ఆటో దగ్గరికి పోయాను.

"దిగు."

"నాయన చెయ్యి ఇరిగిందమ్మా. ఎవరన్నా పోవల్ల గదా."

"దిగమన్నానా."

అతను బాగున్న చేత్తో అమ్మాయి మణికట్టు పట్టుకున్నాడు. "ఉండనీయే దాన్ని," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. ఆ వేళ్ళను ఒక్కొక్కటే వెనక్కి విరిచి విడిపించాను. చివరి వేలికి అతను మూలిగాడు. అమ్మాయిని చంకలో చెయ్యేసి కిందికి గుంజేశాను.

"మరి ఆయనతో ఎవరు పోతారమ్మా?"

"ఎవురూ పోరు," అన్నాను.

ఆటో డ్రైవరు నా మొహం చూసి, అద్దంలో వెనక సీటు చూసి, బండి తీశాడు. అది మలుపు తిరిగేదాకా అమ్మాయి చూస్తూనే నిలబడింది. తర్వాత ఏడుపు మొదలుపెట్టింది. ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా, నోరు పెద్దగా తెరిచి, చిన్నపిల్లలా ఏడ్చింది. పుట్టి బుద్ధెరిగాక అది అలా ఏడవడం నేను చూడలేదు. మా ఇంట్లో ఏడుపు వినపడితే ఇంకో దెబ్బ పడేది. ఊరుకోమని నేను చెప్పలేదు. దాన్ని గీత పక్కన కూర్చోబెట్టి, ఎంతసేపు కావాలంటే అంతసేపు ఏడవమని చెప్పి, నా మూలకు పోయి నిలబడ్డాను.