గోడవైపు నేనూ, మా మోతీ

మనిషన్నాక పరువు పోతూ వస్తూ ఉంటుంది. నాదీ చాలాసార్లు పోయింది. వెళ్లని మీటింగుకు వెళ్లినట్టు వార్త రాసి పంపి పోగొట్టుకున్నాను (ఆ మీటింగు వాయిదా పడిందని మర్నాడు తెలిసింది). పెళ్లిపీటల మీద తుమ్మి, దోసిట్లో తలంబ్రాలు పురోహితుడి మీద పోసి పోగొట్టుకున్నాను. అవన్నీ జనం వైపు తిరిగి పోగొట్టుకున్నవి. గోడవైపు తిరిగి పోగొట్టుకున్నది మాత్రం ఒక్కటే. ఇప్పుడు చెప్పబోయేది అదే. అన్నం తింటూ చదివేవాళ్లుంటే ముందు చెయ్యి కడుక్కుని రండి.

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా రాతికట్ట లేస్తున్న రోజులవి. ఆ పనుల వార్తలు ఒక దినపత్రికకు పంపుతూ నేను హాలియాలో ఉండేవాణ్ణి. పెళ్లయింది గానీ కాపురం మొదలు కాలేదు. కారణం మా మామ లింగయ్య. మర్రిగూడ దిక్కు మనిషి. గొర్ల మంద, కొంచెం మెట్టసేద్యం. మాట తక్కువ, చూపు ఎక్కువ. నేను అప్పట్లో ఇద్దరు లారీ డ్రైవర్లతో కలిసి సిమెంటు గోదాము పక్క గదిలో పడుకునేవాణ్ణి. మామ ఒకసారి వచ్చి, గడప బయటే నిలబడి, లోపలికి తొంగిచూసి, "నా గొర్లను గూడ గీడ కట్టెయ్య బిడ్డా" అన్నాడు.

"మంచి ఇల్లు కిరాయికి పట్టు. బొచ్చు కత్తిరింపులు అయినంక నేనొచ్చి చూస్త. నచ్చితే పిల్లను తోలిస్త."

బొచ్చు కత్తిరింపులు గొర్లవి. అయినా నేను ముందు జాగ్రత్తగా మీసాలు కత్తిరించుకుని ఇంటి వేటలో పడ్డాను.

డ్యాము పనులకు వచ్చిన జనంతో ఊళ్లో కోళ్ల గూళ్లకు కూడా కిరాయి పలుకుతున్న కాలం. చివరికి సత్తెమ్మ అవ్వ ఇంట్లో సగం దొరికింది. బండలు పరిచిన రెండు గదులు, ముందు వాకిలి, చుట్టూ గోడ. మిగతా సగంలో అవ్వ, ఆమె ఆవు. అవ్వ కంటే ఆవు కొంచెం శాంతమూర్తి. ఇక నా భార్య యాదమ్మ వచ్చేసినట్టే అనుకుని కొత్త ట్రంకుపెట్టె కూడా కొన్నాను.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు కుక్కను తెచ్చి చూడు అని ఎందుకనలేదో నాకు అర్థం కాదు. డ్యాము మీద నాకు తెలిసిన ఓవర్సీరు ఒకాయన బదిలీ అయి పోతూ, తన కుక్కను నా చేతిలో పెట్టాడు. పేరు మోతీ. గోధుమరంగు, నిటారు చెవులు, వయసొచ్చిన మగకుక్క. "ఇంటికి కాపలా ఉంటది. మీ మామగారు చూస్తే సంబరపడతాడు" అన్నాడు. నాకూ నిజమేననిపించింది. గొర్ల మనిషికి కుక్క ఉన్న అల్లుడు నచ్చక ఎక్కడికి పోతాడు?

మోతీ నా ఇంట్లోకి వచ్చింది. తనిఖీకొచ్చిన ఓవర్సీరు లాగానే ఒకసారి చుట్టూ తిరిగింది. తర్వాత వరసగా ద్వారబంధానికి, కడవల దిమ్మెకు, చుట్టిపెట్టిన చాపకు, చివరికి యాదమ్మ కోసం కొన్న కొత్త ట్రంకుపెట్టెకు కాలెత్తింది. పుట్టి పెరిగిందంతా డ్యాము గుడారాల మధ్య. అక్కడ ప్రతి గుడారం గుంజా దానిదే. ఇల్లంటే ఏమిటో దానికి ఎవరూ చెప్పలేదు. కుక్క తోక వంకర అని సామెత కట్టినవాళ్లు కాలు సంగతి ఎందుకు మరిచారో!

వాసనకు సత్తెమ్మ అవ్వ పరుగెత్తుకొచ్చింది.

"ఏంది కొడుకా గిది! దేవుని గూడున్న ఇల్లు. కుక్క పోస్తే ఇల్లంత మైలపడ్తది."

"ఏం చెయ్యాలె అవ్వా?"

"ఏముంది, యాడ పోసిందో గాడ జర ఆవు పంచితం చల్లు. అన్ని దోషాలు పోతయ్."

పంచితమంటే మూత్రమే. ఆవుది కాబట్టి ఆ మర్యాద. అవ్వ చెంబుతో ఇచ్చింది. నేను మామిడాకుతో భక్తిగా ద్వారబంధం మీద, చాప మీద, పెట్టె మీద చల్లాను. మోతీ కూర్చుని అంతా చూసింది. నేను చెంబు దించగానే లేచింది. ద్వారబంధం దగ్గరికెళ్లి వాసన చూసింది. నా వైపొక చూపు చూసింది. "ఓహో, గట్లనా" అన్నట్టుంది ఆ చూపు. కాలెత్తింది.

నేను మళ్లీ చల్లాను. అది మళ్లీ ఎత్తింది.

అవ్వ మందు మార్చలేదు, మోతాదు పెంచింది. "తక్కువైనట్టున్నది. చెంబు కాదు, బిందె వట్టు" అంది. నన్ను చూడగానే ఆ ఆవు వెనక్కి జరగడం మొదలుపెట్టింది. నేను కేకలేశాను. మా పత్రికనే చుట్టగా చుట్టి ఒకటి వేశాను. మా పత్రిక రాతల వల్ల ఎవరైనా దారికొచ్చిన దాఖలా ఎలాగూ లేదు, మోతీ కూడా రాలేదు. నేను చూస్తుండగా ఆ పని చెయ్యకూడదని మాత్రం నేర్చుకుంది. అప్పటినుంచి నేను వెనక్కి తిరగడం కోసం ఓపికగా కాచుకునేది.

మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. అవ్వకు కాలేదు. నాకూ కాలేదు. నేను విలేకరిని. కళ్ల ముందు జరిగేది తప్ప మిగతావన్నీ గమనిస్తాను.

పశువుల దవాఖానకు వెళ్లి అడిగాను. అక్కడి కంపౌండరు కోడెలకు వాడే ఇనుప పట్టుకారు తీసి చూపించి, "తోల్కరా సారూ, ఒక్కటే నొక్కుడు" అన్నాడు. మోతీ తరఫున నాకే కళ్లు తిరిగాయి. అక్కణ్ణుంచి తిన్నగా చాయ హోటలుకు వెళ్లి కూలబడ్డాను.

హోటలు నర్సింహ్మ ఊళ్లో ఎవరి కష్టమైనా శ్రద్ధగా వింటాడు. విన్నాక దాంతో ఏం చేస్తాడన్నది వేరే సంగతి.

"సారూ, అది ఊకె పోస్తలేదు. దస్తఖత్ వెడ్తాంది."

"దస్తఖతేంది?"

"గీ ఇల్లు నాది అని. మరి ఇంటి మీద మీ దస్తఖత్ యాడున్నది?"

"నేను కిరాయి కడ్తున్న గదా నర్సింహ్మా!"

"కుక్కకేమెరుక సారూ కిరాయి సంగతి? దాని భాషల చెప్పాలె దానికి. మీరు గూడ ఒకపారి..." అని ఆగి, కనుబొమలతో గోడను చూపించాడు.

"ఛీ ఛీ! ఇంట్లనా?"

"ఇంట్లెందుకు? వాకిట్ల గోడ లేదా? మాలికెవడో కుక్కకు తెలిస్తే సాలు" అంటూ పొయ్యివైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. పొయ్యి ఊదుతున్నాడనుకున్నాను. అది ఊదడం కాదు, నవ్వాపుకోవడమని తెలుసుకునే వయసు కాదు నాది.

సరిగ్గా అప్పుడే సత్తెమ్మ అవ్వ తన బిడ్డ కాన్పుకని దేవరకొండ పోయింది. ఆవును ఎవరి కొట్టంలోనో కట్టేసి పోయింది. పంచితం బంద్. గతిలేక బండలన్నీ కుంకుడుకాయ రసంతో రుద్ది కడిగాను. ఇంత చదువుకున్నవాణ్ణి, ఒక పత్రికకు ప్రతినిధిని, మర్నాడు తెల్లవారుతుండగా మోతీని వెంటబెట్టుకుని వాకిట్లోకి వెళ్లి, అటూ ఇటూ చూసి, గోడమూలన దస్తఖత్ చేశాను. మోతీ నా పక్కనే నిలబడి, వాసన చూసి, తను కూడా సాక్షి సంతకం పెట్టింది. ఇద్దరం లోపలికొచ్చాం.

ఆ రోజు ఇంట్లో చుక్క పడలేదు! మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. లేవగానే కుక్కను బయటికి తీసుకుపోతే ఇంట్లో పొయ్యదన్న సంగతి పసిపిల్లలకూ తెలుసు. నేను మాత్రం ఇది నా దస్తఖత్ మహిమ అనుకున్నాను. హోటలుకెళ్లి నర్సింహ్మ చెయ్యి పట్టుకుని ఊపాను.

"నిజంగనే చేసిన్రా సారూ?" అన్నాడు నోరు తెరిచి.

"రోజూ చేస్తున్న."

పాపం, ఆ రోజు అతని చేతిలో గ్లాసు పగిలింది.

ఇంట గెలిచాను, ఇక మామను గెలవాలి. అవ్వ తిరిగొచ్చింది, ఆవూ వచ్చింది. ఆ సాయంత్రమే బస్సు కండక్టరు కబురు మోసుకొచ్చాడు. "మీ మామ రేపు మాపటి బస్సుకు వస్తనన్నడు."

నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మర్నాడు పొద్దున్నే ఇల్లు కడిగాను. ఎలాగూ ఇంట్లో చుక్క పడటం లేదు కదా, అక్కడితో ఆగితే ఈ కథే లేదు. పెద్దాయన గడప తొక్కే రోజు, యాదమ్మ కాపురం తేలిపోయే రోజు, శుద్ధిలో లోపం ఉండకూడదని అవ్వనడిగి నిండు బిందె పంచితం తెచ్చాను. ద్వారబంధాలకు చల్లాను. మూలమూలకూ చల్లాను. ట్రంకుపెట్టెకు మూడువైపులా చల్లి, నాలుగోవైపు అలుగుతుందేమోనని దానికి ఇంకొంచెం ఎక్కువ చల్లాను.

మోతీ లోపలికొచ్చింది. గాలి పీల్చింది. దాని మెడ మీద వెంట్రుకలు లేచాయి. ఊరిమీద పరాయి సైన్యం పడ్డట్టు పరుగులు పెట్టింది. ద్వారబంధం, దిమ్మె, చాప, పెట్టె, మామ కోసం వేసిన నులకమంచం కాళ్లు నాలుగూ! నేను ఒక మూల తుడుస్తుంటే అది ఇంకో మూల తడుపుతోంది. అంత చిన్న కుక్కలో అంత నీళ్లు ఎక్కడ పట్టాయో! డ్యాము కట్టాల్సింది నందికొండ దగ్గర కాదు, మా ఇంట్లోననిపించింది.

సమయం లేదు. బుర్ర పనిచెయ్యలేదు. ఒక్క మాటే మెదిలింది. దస్తఖత్! ఇది నా అధికారం మరిచింది. వెంటనే గుర్తుచెయ్యాలి. దాని మెడపట్టీ పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తాను. పట్టపగలు. సూర్యుడు నడినెత్తిన. మామ మాపటి బస్సుకు కదా వచ్చేది!

గోడవైపు తిరిగాను. "చూడు మోతీ, మంచిగ చూడు. మాలిక్ ఎవరు? నేను" అని గట్టిగా చెబుతూ మొదలుపెట్టాను. మోతీ నా పక్కన నిలబడి కాలెత్తింది.

వెనక నుంచి ఒక గొంతు, నెమ్మదిగా:

"కానియ్ బిడ్డా, కానియ్. నడుమ ఆపొద్దు, పానానికి మంచిది గాదు."

భుజాన గొంగడి, చేతిలో కట్టె, చంకలో ఉలవల మూట. డ్యాముకు పోయే లారీ దొరికిందని మామ ముందే వచ్చేశాడు. పక్కన అవ్వ, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.

తిరుగుదామంటే పంచె సరిగా లేదు. తిరగకుండా ఉందామంటే మామ. నా జీవితంలో గోడను అంత సేపు, అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

"ఆ పక్కనున్నాయన ఎవలు?" అన్నాడు మామ.

"కుక్క మామా. మోతీ."

"ఆయన అయిపోయి కాలు దించిండు. నీదే ఆలస్యం."

లోపలికొచ్చి మామ మంచం మీద కూర్చోబోయి, మంచం కాళ్లు చూసి, నిలబడే ఉన్నాడు. నేను చెమటలు కక్కుతూ దస్తఖత్ సిద్ధాంతమంతా వివరించాను. కిరాయి, మాలిక్, భాష, అన్నీ. మామ ముఖంలో ఒక్క నరం కదలలేదు. యాదమ్మ ఇక రాదు. ఆ పెట్టె నా బట్టలకే.

నేను తొట్రుపడి బిందెకు కాలు తగిలించాను. అడుగున మిగిలిన పంచితం ఒలికి, ఇంతవరకూ పొడిగా ఉన్న బండ మీద చిన్న మడుగు కట్టింది. మోతీ లేచింది. మిగతా ఇల్లంతా వదిలి తిన్నగా ఆ మడుగు దగ్గరికే వెళ్లింది. వాసన చూసింది. మా ముగ్గురి ముందే, సరిగ్గా దాని మీదే, కాలెత్తింది.

ముగ్గురం చూశాం. ముందు అవ్వకే నోరు పెగిలింది.

"ఓరి దీని దుంపదెగ! గింత దినాలు నా ఆవుతోనా దీని పంచాయితి?"

మామ భుజాలు కదిలాయి. పొయ్యి ఏమీ లేదు కాబట్టి ఈసారి నాకు అర్థమైంది. గొంగడి జారి కింద పడేదాకా నవ్వాడు. "ఆవుతోని నువ్వే దస్తఖత్ వెట్టిస్తివి, జవాబిచ్చిన కుక్కను కొడ్తివి! ఏం చదువు బిడ్డా నీది!"

ఆ రోజు మామ కట్టె గోడకు ఆనించి, పంచె ఎగ్గట్టి, నాతో కలిసి ఇల్లంతా కుంకుడు రసంతో కడిగాడు. అవ్వ శుద్ధి కోసం పసుపు నీళ్లకు ఒప్పుకుంది, మూతి విరుస్తూ. మోతీకి మహా ఇష్టమైన ట్రంకుపెట్టె మూలనే దాని గిన్నె పెట్టి అన్నం వేశాం. తినే చోట కాలెత్తడానికి దానికీ మనసొప్పలేదు. పొద్దున, మాపున బయట తిప్పడం మాత్రం నా వంతైంది. కొన్నాళ్లకు మోతీ మర్యాదస్తుడైపోయింది.

మామ వెళ్లేటప్పుడు ఇల్లు నచ్చిందో లేదో చెప్పలేదు. తర్వాత వారం ఆయనే యాదమ్మను వెంటబెట్టుకొచ్చి దించిపోయాడు. ఊళ్లో ఏం చెప్పాడని నేనడిగితే, యాదమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. చివరికి చెప్పింది.

"'కుక్క బుద్ధిగల్లదే. మన అల్లునికే ఇంక ఇల్లు అలవాటు కాలే. పిల్లను జల్ది తోలియ్యాలె' అన్నడు నాయిన."

మర్నాడు పొద్దున నిద్రలేచి, ఒళ్లు విరుచుకుంటూ ఊరికే వాకిట్లోకి నడిచాను. వెనక నుంచి యాదమ్మ గొంతు:

"ఎటు?"

"ఊకెనే. గాలికి."

"మోతీ! జర ఆయన ఎంబడి పో. గోడ దిక్కు పోనియ్యకు."

మోతీ లేచి వచ్చి, నాకూ గోడకూ మధ్య కూర్చుంది.

కాబట్టి చదువరులారా, ఆవు సాక్షిగా, అవ్వ సాక్షిగా, మోతీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నేను ఏ గోడకూ ఎదురుగా నిలబడను. ఎన్నికల రాతలైనా సరే, పక్కనుంచే చదువుతాను. ఇంట్లో క్యాలెండరు చూడాల్సివస్తే యాదమ్మనే అడుగుతాను. ఆమె తిథి చెప్పి, నా పంచె వైపొకసారి చూసి, మళ్లీ పొయ్యివైపు తిరుగుతుంది.