వడ్ల రాశి దగ్గర ఇంగ్లీషు పాఠం

పెళ్లిచూపులకని పొద్దున ఆరింటికి నల్లగొండ నుంచి కొల్లాపూర్ దారి పట్టాం, అమ్మా నేనూ. ఇది మూడో సంబంధం. మొదటి రెండూ నా నోటివల్లే చెడ్డాయి. నేను ఇంగ్లీషు మాస్టర్ని. ఏ మాట విన్నా దాని పుట్టుక తవ్వకుండా ఉండలేను. బస్సెక్కగానే అమ్మ ఒట్టు వేయించుకుంది. "ఆడ గా ఇంగ్లీషు ముచ్చట తియ్యకు బిడ్డా." ఆడవాళ్లకు టికెట్ లేదు కనుక ఆమె ఉచితంగా తిట్టింది, నేను టికెట్ కొని తిట్లు తిన్నాను.

దేవరకొండలో చాయ్ తాగాం. అక్కడ ఖాళీ గోనెసంచులతో ఒక రైతు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఒట్టు కొల్లాపూర్‌కే కదా అని, ఇంగ్లీషువాళ్లు వాటిని గన్నీ అనడం మన దేశపు గోనెను చూసే నేర్చుకున్నారని చెప్పాను.

"మరి గా మాటకు కిరాయి ఏమన్న కడుతుండ్రా సారూ?" అని అడిగాడాయన.

కల్వకుర్తిలో ఇడ్లీ తిని బస్సు మారాం. ఈ దారిన వచ్చేవాళ్లు అక్కడే కడుపు నింపుకోండి. ఆ తర్వాత బస్సు ఎక్కడా తీరిగ్గా ఆగలేదు.

కొల్లాపూర్‌లో పిల్ల వాళ్ల ఇంటికి చేరేసరికి పన్నెండు దాటింది. వాకిట్లో వడ్ల రాశి, పక్కనే ఇంత పెద్ద బొరియ. పందికొక్కు అనబోయేలోగా ఆ ఇంటి అవ్వ చేయెత్తి ఆపింది. వడ్లు బస్తాలకెక్కేదాకా వాళ్లింట్లో దాని పేరు తీయరట, తీస్తే పిలిచినట్టేనట. 'పెద్దమనిషి' అంటారట.

నేను తెలివిగా బ్యాండికూట్ అన్నాను. అందరూ సంతోషించారు. పిల్ల తండ్రి ఆ మాటను ఒకసారి తనూ పలికి చూసుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అది దొరల మాట కాదనీ, మన తెలుగు పేరే వాళ్ల నోట్లో పడి అలా అయిందనీ వివరించాను.

"అంటే పేరు తీసినట్టే గద," అన్నాడు పిల్ల తండ్రి. ఆయన ముఖం మాడిపోయింది. తనూ తీశాడు మరి.

అమ్మ కళ్లు మూసుకుంది. పిలిచినవాడే కాపలా ఉండాలని అవ్వ తీర్పు చెప్పింది. ఇస్త్రీ చొక్కాతో, చేతిలో కర్రతో ఎండలో రాశి పక్కన కూర్చున్నాను. ఈ సంబంధమూ పోయిందని నిజంగానే ఏడుపొచ్చింది.

పెళ్లికూతురు సునీత మజ్జిగ తెచ్చింది. ఇంకేమైనా అలాంటి మాటలున్నాయా అని మెల్లగా అడిగింది. ఒట్టు గుర్తొచ్చి తల అడ్డంగా ఊపాను. ఆమె కదలలేదు. చివరికి, ఇంగ్లీషు మంగూస్‌కు మన ముంగిసతో చుట్టరికం ఉందన్నాను. ముంగిసకు పందికొక్కంటే విందుభోజనం.

"గట్లయితే దాని పేరు జర గట్టిగ తియ్యుండ్రి," అంది. ఇద్దరం నవ్వాం.

నాలుగింటి బస్సుకు తిరుగుప్రయాణం. అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కల్వకుర్తి దాటాక పిల్ల తండ్రి అమ్మకు ఫోన్ చేశాడు. పిల్ల ఒప్పుకుందట, ఒక్కటే షరతు: కోతల దినాల్లో అల్లుడు వాకిట్లో నోరు తెరవొద్దు.

"పన్నెండు నెలలకూ పెట్టుండ్రి అన్నా, మాకేం ఫికర్ లేదు," అంది అమ్మ.

పాలమూరు సీమలో మాట అంటే ఆషామాషీ కాదని తెలిసింది. సంతోషంతో నాకు నోట మాట రాలేదు. శుభశకునమని అమ్మ దండం పెట్టుకుంది.