చుక్క పడదన్న పూచీ

మా ఆయన వాతావరణ కేంద్రంలో వాన సూచనలు రాస్తారు. పెళ్ళయిన కొత్తలో ఆయన మాటతీరుకు నాకు ఒళ్ళు మండేది. గొడుగు తీసుకెళ్ళాలా అని అడిగితే, పడే అవకాశం తక్కువ అనేవారు. అవునో కాదో తేల్చి చెప్పని మనిషితో కాపురం ఎలాగా అనుకునేదాన్ని.

ఒకరోజు కూర్చోబెట్టి చెప్పారు. ఎండకు నేల కాగుతుంది, నేలనంటిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది, పైన చల్లబడ్డాక అందులోని ఆవిరి మేఘమవుతుంది. గాలిలో తడి ఎంతుందో తెలుసుకోవడానికి పొద్దున్నే బెలూన్‌కు పరికరం కట్టి వదులుతారు. ఆ కొలతలు కంప్యూటర్‌కిస్తే అది రేపటి ఆకాశాన్ని లెక్కగడుతుంది. కానీ మొదటి కొలతలో పిసరంత తేడా ఉన్నా మన మీద పడాల్సిన వాన పక్క ఊరికి పోతుందట. అందుకని కొలతల్ని కొద్దికొద్దిగా మార్చి అదే లెక్క మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. పదిసార్లలో మూడుసార్లు వాన తేలితే ముప్పై శాతం అంటారు. తెలిసినంతే చెప్పడం తమ పని అన్నారు. ఇక ఆ విషయంలో ఆయన్ని సతాయించడం మానేశాను.

మాననిది మా ఆడపడుచు భర్త. వరసకు నాకు అన్నయ్య. ఊరి చివర ఇటుక బట్టీ నడుపుతారు. బావా బావమరదుల మధ్య వేళాకోళానికి అడ్డేముంది? ఫోన్ ఎత్తితే చాలు, "ఏం, పడొచ్చు బావా" అని పలకరించేవారు. మా ఆయన పైకి విసుక్కున్నా, ఆ పిలుపు రాకపోతే ఆదివారం గడిచినట్టుండేది కాదు.

ఓ ఆదివారం వాళ్ళింట్లో భోజనాలు. బట్టీ దగ్గర పచ్చి ఇటుకలు వరసలుగా పేర్చి ఉన్నాయి. పట్టాలు కప్పితే ఆరవు, తీస్తే వాన భయం. రేపటి సంగతేమిటని అన్నయ్య అడిగారు. మా ఆయన నోరు తెరిచేలోపే ఆయన గొంతు అనుకరిస్తూ, "పడొచ్చు... పడకపోవచ్చు" అని తనే జవాబిచ్చారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"రేపు చుక్క పడదు బావా. పట్టాలు తీసెయ్యి. పూచీ నాది."

ఇంటికొస్తూ దారిలో అడిగాను, మరి కేంద్రం ఏమంది అని. ముప్పై శాతం అన్నారు. ఇప్పుడైనా ఫోన్ చేసి చెప్పమన్నాను. పడదులే అని మాట దాటేశారు. నవ్వినవాళ్ళ ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం రాడార్ తెరమీద మేఘం ఊరివైపు రావడం చూసి ఆయనే ఫోన్ చేశారట. ఎవరూ ఎత్తలేదు. అప్పటికే అందరూ పట్టాలు పట్టుకుని పరుగులు పెడుతున్నారు.

మేము వెళ్ళేసరికి వాన వెలిసింది. ఇటుకల వరసలు కూలి, అంచులన్నీ కరిగి, మళ్ళీ ఉట్టి మట్టి అయిపోయాయి. మా ఆయన గేటు దాటి లోపలికి రాలేకపోయారు. తలెత్తితే చెల్లెలు కనిపిస్తుందని నేలచూపులు చూస్తూ నిలబడ్డారు. మోకాళ్ళ దాకా బురదతో ఆమే ఎదురొచ్చి, "వాన నువ్వు కురిపించావా అన్నయ్యా, లోపలికి రా" అంది. ఆమె నాలుగు తిట్టినా బాగుండేదని తర్వాత నాతో అన్నారు.

"ముప్పై శాతం ఉందని నాకు తెలుసు బావా. నువ్వు ఎగతాళి చేశావన్న ఉక్రోషంతో చెప్పలేదు," అన్నారు లోపలికొచ్చి.

అన్నయ్య చేతిలోని పట్టా కిందికి జార్చారు. "ఆ ముక్క చెప్పుంటే సగమైనా కప్పేవాణ్ణి కదా."

ఆ మాట అనేసి పనిలో పడ్డారు. మా ఆయన సిగ్గుతో చితికిపోయారు.

తర్వాతి వారం మా ఆయనే ఫోన్ చేశారు. రేపు వాన పడొచ్చని, అవకాశం మాత్రం తక్కువేనని చెప్పి ఆగారు. ఎగతాళి కోసం ఎదురుచూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

"సరే, కప్పిస్తాను," అని అన్నయ్య పెట్టేశారు.

మా ఆయన ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. "'పడొచ్చు బావా' అని ఒక్క మాటైనా అనలేదు," అన్నారు నాతో.